రాయవేలూరు చరిత్రలో జైలుకూ చోటుండాలి

రాయవేలూరు అనగానే కోట, జలకంఠేశ్వరుడి గుడి, 1806 నాటి సిపాయిల తిరుగుబాటు గుర్తొస్తాయి. తొరపాడి సెంట్రల్ జైలును ఎవరూ ఆ వరుసలో చేర్చరు. చేర్చాలన్నది నా వాదన. సర్కారు తన చేతికి చిక్కిన మనిషిని ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు అన్న ప్రశ్నకు మన ఊరే పెద్ద సాక్ష్యం. 1806 జూలై 10న తిరుగుబాటు అణగగానే, కోటలోని మహలులో తలదాచుకున్న వందమంది దాకా సిపాయిలను బ్రిటిష్ అధికారి గిలెస్పీ బయటికి ఈడ్పించి, గోడకు నిలబెట్టి కాల్పించాడు. విచారణ మాటే లేదు. తర్వాత విచారణ జరిపి కూడా ఆరుగురిని ఫిరంగులకు కట్టి పేల్చారు. 1940లో అరెస్టయిన కామరాజ్‌ను ఈ ఊరి జైల్లోనే ఉంచారు. 1954లో ముఖ్యమంత్రి అయిన ఆయన్ను శాసనసభకు పంపింది మన గుడియాత్తం ఓటర్లే. జైలుకెళ్లినవాడు మనిషి కాకుండా పోడని ఈ ప్రాంతానికి ఎప్పుడో తెలుసు. ఆ మాట చట్టంగా మారడానికే చాలా కాలం పట్టింది.

1983లో, ఉరిశిక్ష పడి ఎనిమిదేళ్లుగా ఎదురుచూస్తున్న తమిళనాడు ఖైదీ వాతీశ్వరన్ కేసులో, మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి గారి ధర్మాసనం శిక్షను యావజ్జీవంగా మార్చింది. రెండేళ్లు దాటిన జాప్యం చాలునంది. అలా ఏళ్లు లెక్కగట్టి గీత గీయడం కుదరదని 1989లో త్రివేణీబెన్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అది సబబే, అయినా జాప్యాన్ని తూకం వేయాలన్న సూత్రం నిలిచింది. రాజీవ్ హత్యకేసులో మరణశిక్ష పడి వేలూరు జైల్లో ఉన్న మురుగన్, శాంతన్, పేరరివాళన్‌ల విషయంలో ఆ సూత్రమే అక్కరకొచ్చింది. 2000లో రాష్ట్రపతికి పెట్టుకున్న క్షమాభిక్ష అర్జీలపై జవాబు 2011 ఆగస్టులో గానీ రాలేదు. సెప్టెంబరు 9న ఉరి అని తేదీ పెట్టారు. ఆగస్టు 30న మద్రాసు హైకోర్టు ఆపింది. 2014 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు, పదకొండేళ్ల జాప్యాన్ని ఎత్తిచూపి, ముగ్గురి ఉరినీ యావజ్జీవంగా మార్చింది.

చనిపోయినవాళ్ల సంగతేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న, శ్రీపెరంబదూరులో రాజీవ్‌తో పాటు డ్యూటీలో ఉన్న పోలీసులూ పోయారు. కానీ ఆ తీర్పు నేరాన్ని మాఫీ చేయలేదు, దోషనిర్ధారణను తాకలేదు. కోర్టు వేసిన శిక్ష ఉరి మాత్రమే. పదకొండేళ్లపాటు రోజూ చావుకోసం చూడమని ఏ కోర్టూ అనలేదు. ఆలస్యమైతేనేం అనేవారు జోలార్‌పేట పేరరివాళన్ సంగతి చూడాలి. రెండు తొమ్మిది వోల్టుల బ్యాటరీలు కొనిచ్చాడన్న ఒప్పుకోలు మీద ఆ శిక్ష నిలిచింది. అవి దేనికో తనకు తెలియదని అతను చెప్పిన మాటను తాను రాయలేదని, వాంగ్మూలం తీసుకున్న సీబీఐ అధికారే 2013లో బయటపెట్టారు. 2011లో ఉరి అమలై ఉంటే ఆ మాట ఎవరికి పనికొచ్చేది? 2022 మే 18న అతన్ని విడుదల చేసిన ధర్మాసనానికి పెద్ద, ఆంధ్రుడైన ఎల్. నాగేశ్వరరావు గారు.

పేరున్న కేసులకే పెద్ద వకీళ్లు దొరుకుతారు, పేదవాడికేం ఒరిగిందన్న ఆక్షేపణే అన్నిటికన్నా బలమైనది. దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. 2014 జనవరిలో శత్రుఘ్న చౌహాన్ తీర్పు ఊరూపేరూ ఎవరికీ పట్టని ఖైదీలతో సహా పదిహేనుమంది ఉరి తప్పించింది. క్షమాభిక్ష నిరాకరించాక పద్నాలుగు రోజుల గడువివ్వాలని, ఇంటివాళ్లకు కబురందాలని నియమం పెట్టింది. రిమాండు ఖైదీకీ హక్కులున్నాయి, అవి ఉన్నాయని చెప్పేవాళ్లే ఇంకా కావాలి. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు, బెయిలు వచ్చి నెల దాటినా జామీను పెట్టలేనివారి షరతులు సడలించే విషయం కింది కోర్టులు చూడాలంది. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పనిలేకుండా, ఉచిత వకీలును 1987 నాటి న్యాయసేవల చట్టం ఇచ్చింది. గుడియాత్తంలోనో వేలూరులోనో మీకు తెలిసినవాళ్ల బిడ్డ లోపల ఉంటే, అప్పు చేసే ముందు న్యాయసేవల కమిటీకి అర్జీ పెట్టించండి, లేదా 15100కు ఫోన్ చేయించండి.