కార్డు ముక్క మీద కబుర్లు

మా స్నేహితురాళ్ల వాట్సాప్ గ్రూపులో నిన్నటి కబుర్లు: ఒకావిడ పన్ను పీకించుకుంది, ఇంకొకావిడ పక్కవాటాలోకి కొత్తవాళ్లు దిగారు. చదువుతుంటే అమ్మకొచ్చే కార్డులు గుర్తొచ్చాయి.

మన దేశంలో పోస్టుకార్డు 1879 జూలై 1న వచ్చింది. వెల పావు అణా. చవకే, కానీ దాపరికం ఉండదు. పోస్ట్‌మాన్ నుంచి మామగారి దాకా అందరూ చదివేవారే. అందుకే అమ్మ స్నేహితురాలు రాసిన కార్డుల్లో "ఉభయకుశలోపరి" తర్వాత అన్నీ పంటినొప్పులూ, పక్కింటివాళ్లూ, ఆవకాయ జాడీలూనూ. వీటికో కార్డు దండగని ఇంట్లో మగవాళ్లు నవ్వేవారు. రాయడానికి వీలున్నవి అవేగా మరి!

1950 అక్టోబరు 2న ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. మడిచి అంటించొచ్చు. ఆవిడ దగ్గర్నుంచి అలాంటిది ఒక్కటే వచ్చింది, నేను ఆరో తరగతిలో ఉండగా. అమ్మ పొయ్యి ముందు కూర్చుని చదివి, ఆ పొయ్యిలోనే పెట్టేసింది. ఏముందో నాకెప్పుడూ చెప్పలేదు. మర్నాడే బస్సెక్కి వెళ్లి, వారం రోజులు ఆవిడ దగ్గరుండి వచ్చింది. తర్వాత మళ్లీ కార్డులే. ఎడమ దవడ పన్ను, కొత్త పక్కింటివాళ్లు.

పన్ను పీకించుకున్నావిడకి ఇందాక నేనే ఫోన్ చేశాను.