మోటారు ఇచ్చినవాడినే ఓడించారు

2023 ఫిబ్రవరి 11, శనివారం. మధ్యాహ్నం మూడు గంటలు. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున, ఇంకా ప్రారంభోత్సవం కూడా కాని కొత్త సచివాలయం పక్కన, 22 రేసు కార్లు రెండు వరసల్లో నిలబడి ఉన్నాయి. పొగ లేదు, పెట్రోలు వాసన లేదు. ఎర్ర దీపాలు ఆరగానే ఈల లాంటి సన్నని రొద ఒకటి లేచి లుంబినీ పార్కు వైపు దూసుకుపోయింది.

మన దేశంలో కరెంటు కార్ల ఫార్ములా ఈ ప్రపంచ చాంపియన్‌షిప్ రేసు జరగడం అదే మొదలు. 2013లో నోయిడా దగ్గర చివరి ఫార్ములా వన్ ముగిశాక ఈ స్థాయి కార్ల రేసు భారతదేశానికి రావడం పదేళ్లలో అదే. సచిన్ టెండూల్కర్ వచ్చాడు. ఆనంద్ మహీంద్రా రామ్‌చరణ్ దగ్గర నాటు నాటు స్టెప్పు నేర్చుకున్నాడు. మరునాడు అందరూ మాట్లాడుకున్నది ఆ స్టెప్పు గురించే గానీ, అసలు నాటకం ట్రాక్ మీద జరిగింది.

కర్నూల్లో తుంగభద్ర వంతెన దాటితే మూడున్నర గంటల్లో చేరే ఊళ్లో జరిగిన ఈ రేసుకు మన కర్నూలు జిల్లాతో ఇంకో చుట్టరికం ఉంది. రేసు పేరుకు ముందు తన పేరు తగిలించుకున్న కంపెనీ గ్రీన్‌కో. ఓర్వకల్లు మండలం గుమ్మటం తండాలో 2022 మే 17న శంకుస్థాపన జరిగిన పిన్నాపురం ప్రాజెక్టు వాళ్లదే. ఎండ కాసేటప్పుడు కరెంటుతో నీళ్లు పైకెత్తి, అవసరం పడ్డప్పుడు కిందికి వదిలి టర్బైన్లు తిప్పే పథకం అది. ఆ రోజు ట్రాక్ మీది కార్లదీ దాదాపు అదే పని. ఈ మూడో తరం కారులో వెనక చక్రాల వేగం తగ్గించే పని మోటారుదే. అలా తగ్గించేటప్పుడు అదే జనరేటరై బ్యాటరీలోకి కరెంటు తిరిగి పంపిస్తుంది. రేసులో ఖర్చయ్యే శక్తిలో దాదాపు 40 శాతం ఇలా బ్రేకుల దగ్గర సంపాదించుకున్నదే. బ్యాటరీ అందరికీ ఒకటే. ముందు చక్రాల మోటారు కూడా అందరికీ ఒకటే. తేడా అంతా వెనక మోటారు, ఇన్వర్టర్, గేర్‌బాక్స్, వాటిని ఆడించే సాఫ్ట్‌వేర్‌లో.

జట్లు 11. వెనక మోటారు తయారుచేసే కంపెనీలు మాత్రం చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్ని. మిగతావాళ్లు కొనుక్కోవాల్సిందే. ఆండ్రెట్టి జట్టు పోర్షే దగ్గర తెచ్చుకుంది. మెక్‌లారెన్ నిస్సాన్ దగ్గర, ఆప్ట్ కుప్రా మన మహీంద్రా దగ్గర. ఎన్విజన్ అనే జట్టు అంతకుముందు ఏడాది దాకా ఆడి మోటార్లతో నడిచింది. ఆడి కంపెనీ ఆట మానేయడంతో జాగ్వార్ గుమ్మం తొక్కింది. జాగ్వార్‌కు సొంత జట్టు ఉంది, ఇద్దరు పేరున్న డ్రైవర్లు మిచ్ ఎవాన్స్, సామ్ బర్డ్ ఉన్నారు. అంటే పక్క పొలం వాడికి బోరు మోటారు అద్దెకిచ్చి, పంటల పోటీలో వాడితోనే దిగినట్టు.

పోల్ పొజిషన్, అంటే అందరికన్నా ముందు నిలబడే చోటు, ఎవాన్స్‌ది. జాగ్వార్ శిబిరానికి ఇంతకన్నా మంచి ఆరంభం ఏం కావాలి? మొదటి ల్యాపుల్లో ఎవాన్స్ ముందే ఉన్నాడు, వెనకాలే బర్డ్ ఎక్కివస్తున్నాడు. ట్రాక్ పొడవు మూడు కిలోమీటర్లు కూడా లేదు, మలుపులు మాత్రం 18. వాటిలో మూడోది సూది మలుపు. పొడవాటి రోడ్డు మీద పూర్తి వేగంతో వచ్చి అక్కడ ఒక్కసారిగా కట్టడి చేయాలి.

బర్డ్ కన్ను ముందున్న నిస్సాన్ కారు మీద ఉంది. నడుపుతున్నది కుర్రాడు సాషా ఫెనెస్ట్రాజ్. సూది మలుపు దగ్గర లోపలి వైపు సందు కనిపించింది. బర్డ్ దూరాడు. బ్రేకు తొక్కడం ఆలస్యమైంది. చక్రాలు బిగుసుకుపోయాయి, కారు మాట వినలేదు. జారుకుంటూ వెళ్లి గుద్దింది ఎవరినో కాదు, సొంత జట్టు ఎవాన్స్‌నే.

రెండు జాగ్వార్లు ఒకే మలుపులో, ఒకే క్షణంలో పోయాయి. బర్డ్ తర్వాత ఎవాన్స్‌కూ జట్టుకూ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఆ సాయంత్రం జాగ్వార్ చేతికి దక్కింది పోల్‌కు ఇచ్చే 3 పాయింట్లే.

కానీ జాగ్వార్ మోటార్లు రెండు ఇంకా ట్రాక్ మీదే ఉన్నాయి. ఎన్విజన్ కార్లలో. ఒకటి న్యూజిలాండ్ కుర్రాడు నిక్ కాసిడీది, రెండోది స్విట్జర్లాండ్ పాతకాపు సెబాస్టియన్ బ్యూమీది. వాళ్ల ముందు ఒకే ఒక్కడు, డీఎస్ పెన్స్కే జట్టు జాన్ ఎరిక్ వెర్న్. 2021 రోమ్ తర్వాత గెలుపు ముఖం చూడనివాడు.

చివరి ల్యాపులు చూసినవాళ్లకు ఇప్పటికీ గుర్తుండే ఉంటాయి. కాసిడీ బ్యాటరీలో వెర్న్ కన్నా ఎక్కువ మిగిలింది. వెర్న్ ఇంకో ల్యాపు ఉంటే ఆగిపోయేలా ఉన్నాడు. అయినా కాసిడీ ఏ వైపు వస్తే ఆ వైపు అడ్డం నిలిచాడు. తిన్నని రోడ్డు మీద పొదుపు చేసుకుని, మలుపు ముందు మాత్రం తలుపు మూశాడు. గీత దాటేసరికి తేడా అర సెకను లోపే. గెలుపు వెర్న్‌ది. కాసిడీ రెండు, బ్యూమీ మూడు.

బ్యూమీ ఆనందం ఎంతోసేపు నిలవలేదు. కారు అనుమతించిన దానికన్నా ఎక్కువ కరెంటు వాడిందని 17 సెకన్ల శిక్ష పడింది, పాయింట్ల జాబితాలోంచే జారిపోయాడు. మూడో స్థానం తన నూరో రేసు ఆడుతున్న పోర్షే డ్రైవర్ ఆంటోనియో ఫెలిక్స్ డ కోస్టాకు దక్కింది. సొంత జనం ముందు మహీంద్రాకు ఆరో స్థానం తెచ్చినవాడు ఆలివర్ రోలండ్.

మోటారు అద్దెకు తీసుకోవడంలో రెండో ముఖం కూడా ఉంది. అది రెండు వారాలకే కేప్‌టౌన్‌లో బయటపడింది. మహీంద్రా కార్ల వెనక సస్పెన్షన్ మీద అనుమానం వచ్చింది. భద్రత దృష్ట్యా మహీంద్రా తన రెండు కార్లనూ రేసు నుంచి తప్పించింది. అదే సరుకు వాడుతున్న ఆప్ట్ కుప్రా కార్లు రెండూ వాటి వెంటే గరాజ్‌లోకి వెళ్లిపోయాయి. ఆప్ట్ చేసిన తప్పేమీ లేదు.

ఈ వ్యాపారం ఈనాటిది కాదు. 1967లో ఫోర్డ్ డబ్బుతో కాస్‌వర్త్ చేసిన డీఎఫ్‌వీ ఇంజిన్ మొదట లోటస్‌కు మాత్రమే ఇచ్చారు. జిమ్ క్లార్క్ జాండ్‌వోర్ట్‌లో దాన్ని మొదటి రేసులోనే గెలిపించాడు. పోటీ లేకపోతే చప్పగా ఉంటుందని మరుసటి ఏడాది నుంచి మిగతా జట్లకూ అమ్మారు. ఆ ఇంజిన్ 155 గ్రాండ్ ప్రిలు గెలిచింది. ఎక్కువ భాగం కొనుక్కున్నవాళ్ల చేతుల్లోనే. ఫోర్డ్‌కు అందులో బాధ లేదు, సొంత జట్టే లేదు కదా. జాగ్వార్ చిక్కు వేరు.

ఆ చిక్కు 2023 జూలై 30న లండన్‌లో బయటపడింది. ఆఖరి రేసు కాసిడీ గెలిచాడు. జట్ల పట్టికలో ఎన్విజన్‌కు 304, జాగ్వార్‌కు 292. తేడా 12. హైదరాబాద్‌లో రెండో స్థానానికి కాసిడీ తెచ్చిన పాయింట్లు 18. ఆ రోజు సూది మలుపు దగ్గర బర్డ్ బ్రేకు ఒక్క క్షణం ముందు పడి ఉంటే లెక్క ఎలా తిరిగేదో జాగ్వార్ ఇంజినీర్లు ఎన్నిసార్లు వేసుకుని ఉంటారో! ఆ ఏడాది డ్రైవర్ల కిరీటం కూడా పోర్షే జట్టువాళ్లకు రాలేదు. పోర్షే మోటారు కొనుక్కున్న ఆండ్రెట్టి డ్రైవర్ జేక్ డెన్నిస్‌కు పోయింది.

మరుసటి సీజన్‌లో నిర్వాహకులు తయారీదారుల కోసం వేరే ట్రోఫీ పెట్టారు. మొదటిది జాగ్వార్ గెలిచింది, జట్ల కిరీటంతో పాటు. అప్పటికి కాసిడీ ఎన్విజన్‌లో లేడు, జాగ్వార్‌లో చేరిపోయాడు. బర్డ్ మెక్‌లారెన్‌కు వెళ్లాడు. 2024 ఫిబ్రవరి 10న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరగాల్సిన రెండో రేసు మాత్రం, తెలంగాణలో ప్రభుత్వం మారాక, జనవరిలోనే రద్దయింది.