అణువుల కంటే ముందు ధరలు

1905లో ఐన్‌స్టయిన్ నీటిలో నిలకడ లేకుండా కదిలే నలుసుల చలనానికి ఒక సూత్రం కట్టాడు. దానికి ఐదేళ్ల ముందే పారిస్‌లో లూయీ బషెలియే అనే పరిశోధక విద్యార్థి అదే గణితాన్ని ఫ్రెంచి ప్రభుత్వ బాండ్ల ధరలకు వర్తింపజేసి చూపాడు. ఈ వరస చాలామందికి తలకిందులుగా కనిపిస్తుంది. అర్థశాస్త్రం భౌతికశాస్త్రాన్ని చూసి ఆశపడిందనీ, దాని సమీకరణాలను అరువు తెచ్చుకుని పెద్దరికం సంపాదించుకుందనీ చెప్పే కథే మనకు అలవాటు. ఆ కథలో నిజం లేకపోలేదు. కానీ ఈ రెండు శాస్త్రాలూ ఇవాళ ఉమ్మడిగా వాడుకునే యాదృచ్ఛిక చలన గణితం విషయంలో ఎవరు ఎవరికి బాకీ అన్నది అంత సులువుగా తేలదు. చరిత్రలో అంతకంటే పనికొచ్చే ప్రశ్న మరొకటి ఉంది. ఒకే సమీకరణం ప్రయోగశాలలో పరమాణువుల ఉనికికి సాక్ష్యమైతే, బజారులో ఆరితేరిన పండితులనే దివాలా అంచుకు తీసుకెళ్లిన ధీమా ఎందుకయింది? ఆ సమీకరణానికి కొన్ని షరతులున్నాయి. భౌతికశాస్త్రం వాటిని కొలిచి చూసింది. అర్థశాస్త్రం, కొలత ఎదురు తిరిగినా, వాటిని నమ్ముతూ పోయింది. ఈ వ్యాసం చెప్పదలచింది అదే.

కథ బషెలియేకు ఇంకా ముందే మొదలవుతుంది. బెల్జియం ఖగోళ శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే నక్షత్రాల కొలతల్లో దొర్లే పొరపాట్లను సవరించడానికి వాడే గణితాన్ని మనుషుల మీదికి మళ్లించాడు. 5,000కు పైగా స్కాటిష్ సైనికుల ఛాతీ కొలతలను పట్టిక వేస్తే, అవి సగటుకు రెండు పక్కలా గంట ఆకారంలో సర్దుకుని కనిపించాయి. నేరాల్లో, పెళ్లిళ్లలో, మరణాల్లో ఏటేటా అదే నిలకడ ఉందని ఆయన చాటాడు. 1850లో జాన్ హెర్షెల్ కెట్లే పుస్తకాన్ని ఎడిన్‌బరో రివ్యూలో సుదీర్ఘంగా సమీక్షిస్తూ, ఆ గంట ఆకారపు సూత్రాన్ని ఒక తేలిక తర్కంతో రాబట్టాడు: ఒక దిక్కున దొర్లే పొరపాటుకూ దానికి లంబంగా ఉన్న దిక్కున దొర్లే పొరపాటుకూ పొత్తు లేదనుకుంటే చాలు. పదేళ్ల తర్వాత జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ వాయు అణువుల వేగాలు ఎలా పంపిణీ అవుతాయో రాబట్టినప్పుడు నడిచింది దాదాపు ఇదే దారి. రెండు దిక్కులకు బదులు మూడు దిక్కులు, పొరపాట్లకు బదులు వేగాలు. 1873లో అణువుల మీద ఇచ్చిన ఉపన్యాసంలో మాక్స్‌వెల్ తన పద్ధతి జనాభా లెక్కల వాళ్ల పద్ధతేనని బాహాటంగా చెప్పాడు. ఒక్కో అణువును వెంబడించడం అసాధ్యం కనుక గుంపుల సగటులతోనే పని జరపాలని దాని సారాంశం. వాయువుల గణాంక సిద్ధాంతం పుట్టిన చోట సైనికులూ సంసారులూ ఉన్నారన్న మాట.

బజారు వైపు మొదటి అడుగు వేసినవాడు ప్రొఫెసర్ కాదు. పారిస్‌లో షేర్ల దళారీ దగ్గర పనిచేసిన జూల్ రెన్యో 1863లో వెలువరించిన పుస్తకంలో ఒక క్రమాన్ని బయటపెట్టాడు: ధర తన మొదటి స్థానం నుంచి ఎంత దూరం జరుగుతుందన్నది గడిచిన కాలపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. అంటే నాలుగు రోజుల్లో జరిగే దూరం ఒక్క రోజు దూరానికి నాలుగింతలు కాదు, రెండింతలే. వంద రోజులకు పదింతలు. అడుగులు ఒకదాన్నొకటి లెక్కచేయకుండా పైకీ కిందకీ పడితే, చాలా అడుగులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కనుక ఇలా అవుతుంది. బషెలియే దీన్ని పూర్తి గణితంగా తీర్చిదిద్దాడు. ల హావ్ర్ పట్టణంలో వైన్ వ్యాపారి కొడుకు. తల్లిదండ్రులు పోయాక కొంతకాలం ఆ వ్యాపారం తానే చూసుకుని, ఆలస్యంగా పారిస్ చేరాడు. 1900 మార్చి 29న సోర్బోన్‌లో సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో ఆయన తీసుకున్న ఆధారం ఒక్కటే: అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా ఉన్న బజారులో సట్టావాడి సగటు లాభం సున్నా. దాని మీద నిలబడి, ధరల సంభావ్యత కాలంతో పాటు ఎలా విస్తరిస్తుందో రాబట్టాడు. తేలిన సమీకరణం 1822లో ఫూరియే లోహపు కడ్డీలో వేడి పాకడానికి రాసిన సమీకరణమే. దాని సాయంతో ఆప్షన్ల (ముందే ఖరారు చేసుకున్న ధరకు కొనే లేదా అమ్మే హక్కుల) ధర కట్టి, అప్పటి బజారు ధరలతో పోల్చి కూడా చూశాడు.

ఆ వ్యాసాన్ని పరిశీలించిన హాన్రీ పొయాంకరే దాన్ని మెచ్చుకున్నాడు. ఫూరియే సిద్ధాంతంతో పోలిక ఆయన కంట పడకుండా పోలేదు. అయితే ఆ విద్యాపీఠంలో సాధారణంగా వచ్చే విషయాలకు ఇది కొంత దూరమని కూడా రాశాడు. వ్యాసానికి దక్కింది అత్యున్నత శ్రేణి కాదు. బషెలియేకు స్థిరమైన ప్రొఫెసర్ ఉద్యోగం బెజాన్సాఁలో 1927లో గానీ దొరకలేదు. అదే గణితానికి నీటి బొట్టులో పట్టిన యోగం వేరు. 1827లో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ గమనించిన పుప్పొడి నలుసుల కదలికకు, కంటికి కనబడని అణువుల తాకిళ్లే కారణమైతే నలుసు జరిగే దూరం కాలపు వర్గమూలాన్ని బట్టి ఉండాలని ఐన్‌స్టయిన్ తేల్చాడు. 1906లో స్మొలుఖోవ్‌స్కీ మరో దారిలో దాదాపు అక్కడికే చేరాడు. 1908 నుంచి జాఁ పెర్రాఁ సూక్ష్మదర్శిని కింద జిగురు గుళికలను పెట్టి, 30 సెకన్లకోసారి వాటి చోటు గుర్తిస్తూ ఆ జోస్యాన్ని కొలిచాడు. ఆ కొలత నుంచి వచ్చిన అవొగాడ్రో సంఖ్య, పూర్తిగా వేరే పద్ధతుల్లో వచ్చిన దానితో సరిపోయింది. అప్పటిదాకా పరమాణువులను ఒప్పుకోని ఓస్ట్‌వాల్డ్ వంటివారు కూడా మనసు మార్చుకున్నారు. 1926లో పెర్రాఁకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. బషెలియే వ్యాసం ఐన్‌స్టయిన్ చదవలేదు. వర్గమూలం ఎవరికి ముందు తట్టిందన్నది పంచాంగం విషయమే తప్ప ప్రభావానికి రుజువు కాదు. పైగా అసలైన అరువు అటు నుంచి ఇటే వచ్చిందనడానికి బలమైన ఆధారం ఉంది. భౌతికశాస్త్రవేత్త గిబ్స్ దగ్గర చదువుకున్న అర్థశాస్త్రవేత్త ఇర్వింగ్ ఫిషర్ 1892 నాటి తన వ్యాసంలో ఏకంగా ఒక పట్టికే వేశాడు: కణానికి బదులు మనిషి, శక్తికి బదులు ప్రయోజనం. అర్థశాస్త్ర చరిత్రకారుడు ఫిలిప్ మిరోవ్‌స్కీ 1989లో వెలువరించిన పుస్తకంలో ఎత్తిపొడిచింది ఈ ధోరణినే. యంత్రశాస్త్రంలో శక్తి నిత్యత్వ నియమం ఉంది, అర్థశాస్త్రంలో దానికి సమానమైనది ఏదో చెప్పకుండానే రూపాన్ని మాత్రం దింపుకున్నారని ఆయన విమర్శ. ఇదంతా ఒప్పుకోవలసిందే. కానీ అది నా వాదానికి అడ్డు రాదు, బలం చేకూరుస్తుంది. ఫిషర్ పట్టికలో మాయమైనదీ ఒక షరతే. బషెలియే, ఐన్‌స్టయిన్‌ల సంగతికొస్తే, ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండా ఒకే చోటికి చేరడం వల్ల తెలిసేది ఇది: ఆ సమీకరణం బాండ్లదీ కాదు, అణువులదీ కాదు. అడుగులు ఒకదానితో ఒకటి పొత్తు లేకుండా పడాలి. ఏ ఒక్క అడుగూ మిగతా అన్నిటినీ మింగేసేంత పెద్దది కాకూడదు. ఈ రెండూ కుదిరిన ప్రతి చోటా అది వర్తిస్తుంది, కుదరని చోట వర్తించదు. గణితం ఎల్లలు దాటినంత సులువుగా ఆ షరతుల నిజానిజాలు దాటవు. వాటిని ప్రతి చోటా విడిగా కొలవాలి.

బషెలియే అర్థశాస్త్రంలోకి రావడానికి అర్ధ శతాబ్దం పట్టింది. సంభావ్యతా గణితజ్ఞులు ఆయన్ను పూర్తిగా మరచిపోలేదు; 1931లో కొల్మొగోరోవ్ ఆయన పేరు ప్రస్తావించాడు. 1950ల నడుమ గణాంకవేత్త జిమ్మీ సావేజ్ ఈయనెవరో తెలుసా అంటూ కొందరు అర్థశాస్త్రవేత్తలకు కార్డు ముక్కలు రాశాడు. వాటిలో ఒకటి పాల్ శామ్యూల్సన్‌కు అందింది. అమెరికా నౌకాదళ పరిశోధనాలయంలో భౌతికశాస్త్రవేత్త ఎం.ఎఫ్.ఎం. ఆస్బర్న్ 1959లో షేర్ల ధరల్లో బ్రౌనియన్ చలనాన్ని చూపాడు. బషెలియే లెక్కలో ధర సున్నా కంటే కిందికి జారే వీలుండేది. ధరకు బదులు దాని లాగరిథమ్ తీసుకోవడంతో ఆ లోపం పోయింది. 1965లో శామ్యూల్సన్ కూడా అదే దారి పట్టాడు. 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్, రాబర్ట్ మెర్టన్ ఆప్షన్ ధరకు సూత్రం కట్టారు. బ్లాక్ హార్వర్డ్‌లో మొదట చదివింది భౌతికశాస్త్రమే. చరరాశులను మార్చి రాస్తే వాళ్ల సమీకరణం మళ్లీ ఫూరియే ఉష్ణ సమీకరణమే అవుతుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో షికాగోలో ఆప్షన్ల ఎక్స్ఛేంజ్ తెరుచుకుంది, దళారులు ఆ సూత్రాన్ని చేతి కాలిక్యులేటర్లలోకి ఎక్కించుకున్నారు. 2001 జూన్‌లో మన నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ సూచీ ఆప్షన్లు మొదలుపెట్టే నాటికి ఈ గణితం ప్రపంచమంతా పాతబడిన పనిముట్టు.

కానీ అప్పటికే, 1963లోనే, ఒక పెర్రాఁ వంటి కొలత జరిగింది. గణితజ్ఞుడు బెన్వా మాండెల్‌బ్రో పత్తి ధరల పాత లెక్కలు తీసి, వాటి హెచ్చుతగ్గులు గంట ఆకారంలో ఒదగడం లేదని చూపాడు. పెద్ద ఎగుడుదిగుళ్లు ఆ సూత్రం అనుమతించిన దానికంటే ఎన్నో రెట్లు తరచుగా వచ్చాయి. పెద్ద మార్పు వెనకే మరో పెద్ద మార్పు రావడం కూడా ఆయన గమనించాడు. అంటే రెండు షరతులకూ ఒకేసారి దెబ్బ తగిలింది. మాండెల్‌బ్రో ప్రతిపాదించిన మార్గం పారిస్‌లో ఆయన గురువు పోల్ లెవీ రూపొందించిన సంభావ్యతా నియమాల మీద నిలిచింది. వాటిలో ప్రామాణిక విచలనానికి అంతం ఉండదు. అది ఒప్పుకుంటే అప్పటి గణాంక పద్ధతులు చాలా వరకు చేతిలోంచి జారిపోతాయి. ఆర్థిక గణితం అందుకు సిద్ధపడలేదు. ఆ తర్వాతి కొలతలు మాండెల్‌బ్రో ప్రతిపాదించిన నియమాన్ని కూడా పూర్తిగా సమర్థించలేదన్నది నిజమే. కానీ గంట ఆకారం తప్పన్న ఆయన మొదటి మాటను మాత్రం ఎవరూ కాదనలేకపోయారు. 1987 అక్టోబర్ 19న అమెరికా డౌ జోన్స్ సూచీ ఒక్క రోజులో 22.6 శాతం పడింది. రోజుకు ఒక శాతం అటూ ఇటూ కదలడం మామూలైన సూచీకి, గంట ఆకారం ప్రకారం అలాంటి రోజు విశ్వం పుట్టినప్పటి నుంచీ ఒక్కసారి కూడా రాకూడదు.

ఆచరణవాది దీనికి చెప్పే జవాబును తేలిగ్గా తీసిపారేయకూడదు. ఏ సూత్రమూ అచ్చంగా నిజం కాదు. మామూలు రోజుల్లో పనిచేస్తే చాలు. నిపుణులు లోపం తెలిసే వాడతారు, లెక్కకు రాని భయాన్ని ధరలో కొంత కలుపుకుంటారు. 1987 తర్వాత ఆప్షన్ల ధరల్లో పతనానికి విడిగా ఖరీదు కట్టడం మొదలైన మాట వాస్తవం. భౌతికశాస్త్రంలోనూ ఆదర్శ వాయువు అన్నది ఒక ఉజ్జాయింపే కదా? అవును, అయితే ఆదర్శ వాయు సూత్రం ఎంత ఒత్తిడి దాకా చెల్లుతుందో, ఎక్కడ తప్పుతుందో కొలిచి పెట్టుకున్నారు. ఆర్థిక రంగంలో ఉజ్జాయింపు నెమ్మదిగా నిబంధనగా మారింది. 1996లో బ్యాంకుల నిబంధనలు రూపొందించే అంతర్జాతీయ బాజెల్ కమిటీ, బ్యాంకులు ఒక్క రోజు నష్టభయాన్ని పది రోజులకు పెంచడానికి పది వర్గమూలంతో గుణిస్తే సరిపోతుందని ఒప్పుకుంది. రెన్యో సూత్రం అలా పాలక వ్యవస్థ ముద్ర వేయించుకుంది. 1998లో లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ అనే అమెరికా పెట్టుబడి సంస్థ కూలిపోవడం ఇంకా స్పష్టమైన పాఠం. అంతకు ముందు ఏడాదే నోబెల్ అందుకున్న మెర్టన్, షోల్స్ అందులో భాగస్వాములు. సొంత సొమ్ముకు పాతిక రెట్లకు పైగా అప్పుతో, ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు కనిపించే పందేలు కాసింది ఆ సంస్థ. ఆగస్టులో రష్యా బాకీలు ఎగ్గొట్టగానే ప్రపంచమంతా ఒకే వైపు పరుగెత్తింది. పొత్తు లేదనుకున్న పందేలన్నీ కలిసికట్టుగా మునిగాయి. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ చొరవతో 14 సంస్థలు 360 కోట్ల డాలర్లు పోయవలసి వచ్చింది. అప్పు భారం లేకపోతే అంత నష్టం జరిగేది కాదన్నది నిజం. కానీ అంత అప్పు ఇవ్వడానికీ తీసుకోవడానికీ ధైర్యం ఇచ్చింది ఆ పొత్తు లేమి మీది నమ్మకమే.

ఈ నేపథ్యంలో 1995లో కోల్‌కతాలో జరిగిన ఒక సదస్సుకు ప్రాముఖ్యం ఉంది. అమెరికా భౌతికశాస్త్రవేత్త యూజీన్ స్టాన్లీ అక్కడ ఎకనోఫిజిక్స్ అన్న పేరును చెలామణిలోకి తెచ్చాడు. మన దేశానికి ఈ ఆలోచన కొత్త కాదు. మేఘనాథ్ సాహా, బి.ఎన్. శ్రీవాస్తవ 1931 నాటి తమ ఉష్ణశాస్త్ర పాఠ్యపుస్తకంలో అణువుల వేగాల పంపిణీని వివరించడానికి మనుషుల ఆదాయాలను ఉదాహరణగా తీసుకున్నారు. స్టాన్లీ బృందం అమెరికా షేర్ల లక్షలాది లావాదేవీలను నిమిషాల లెక్కన జల్లించి, పెద్ద కదలికల అరుదుతనం ఒక నిలకడైన ఘాత నియమాన్ని పాటిస్తోందని చూపింది: కదలిక రెండింతలైతే దాన్ని మించిన కదలిక వచ్చే అవకాశం సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. గంట ఆకారం చెప్పే దానితో చూస్తే ఇది చాలా నెమ్మదైన తగ్గుదల. ఇది పెర్రాఁ పద్ధతికి బజారులో దక్కిన ఆలస్యపు గౌరవం. అయితే భౌతికశాస్త్రవేత్తలకు కూడా పాత జబ్బు తప్పలేదు. డబ్బు మొత్తం మారకుండా చేతులు మాత్రమే మారుతుందని ఊహించి, అణువుల తాకిడి లెక్కతో సంపద పంపిణీని రాబట్టిన నమూనాలు వచ్చాయి. ఉత్పత్తీ అప్పూ లేని అర్థవ్యవస్థ ఎక్కడుందని 2006లో నలుగురు అర్థశాస్త్రవేత్తలు నిలదీశారు. ఫిషర్ మీద మిరోవ్‌స్కీ చేసిన ఆరోపణ ఈసారి భౌతికశాస్త్రవేత్తల మీదికి తిరిగింది.

చివరికి ఒక లోతైన ప్రశ్న మిగులుతుంది: కొలత ఎంత బాగున్నా, మనుషుల విషయంలో అది నిలిచే నియమాన్ని ఇస్తుందా? బషెలియే వ్యాసాన్ని ఆమోదించిన పొయాంకరేనే 1908లో వెలువడిన తన పుస్తకంలో ఈ సందేహం లేవనెత్తాడు. దగ్గరగా చేరిన మనుషులు విడివిడిగా నిర్ణయించుకోరు, ఒకరినొకరు అనుకరిస్తారు, మందలో గొర్రెల్లా కదులుతారు. అలాంటి చోట సంభావ్యతా లెక్కను గుడ్డిగా వాడవద్దన్నది ఆయన హెచ్చరిక. అణువుకు తన మీద రాసిన సూత్రం తెలియదు. వ్యాపారికి తెలుసు, తెలిసి అప్పు పెంచుకుంటాడు, ఆ అప్పే అందరి అడుగులనూ ఒకదానికొకటి ముడివేస్తుంది. దీన్నిబట్టి సంఖ్యల అర్థశాస్త్రం వృథా అనుకోనక్కర్లేదు. బజారులో కొలత ఒక్కసారితో ముగిసేది కాదని మాత్రం తేలుతుంది. పెర్రాఁ గుళికలను ఇవాళ మళ్లీ కొలిచినా అదే జవాబు వస్తుంది. ధరల అడుగులకు పొత్తు లేదన్న మాటను ప్రతి తరం తన సొంత లెక్కల పుస్తకాలతో మళ్లీ పరీక్షించుకోవాలి. 1863 నుంచి 1998 దాకా ప్రతి దశలోనూ సమీకరణం సరిగ్గానే ఉంది. దాని షరతు ఇంకా చెల్లుతోందా అని చూసే పనిని ఎవరి ఉద్యోగంగానూ పెట్టకపోవడమే లోపం.