మారిషస్ చెరకు, మన చెరకు

మన ఐటీ జనాల్లో హనీమూన్‌కి మారిషస్ వెళ్లొచ్చినవాళ్లు చాలామందే ఉంటారు. పాంప్లెమూస్ తోటలో గంగాళం మూతంత ఆకులున్న కలువల ముందు దిగిన ఫోటో కూడా ఉండే ఉంటుంది. ఆ తోట పక్కనే బో ప్లాన్ అని ఒక పాత చక్కెర మిల్లు ఉంది. 1999లో మూతపడింది. యంత్రాలు, పొగగొట్టం అట్లాగే ఉంచి 2002లో దాన్నే మ్యూజియం చేశారు.

ఆ దీవి చెరకు తోటల్లో చెమటోడ్చింది ఎవరనుకున్నారు? 1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. యజమానులకు కూలీలు కావాలి కదా, 1834 నుంచే మనవాళ్లని ఓడలెక్కించడం మొదలుపెట్టారు. మొత్తం నాలుగున్నర లక్షల మంది. అందులో కోరంగి రేవు నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. ఐదేళ్ల కాంట్రాక్టు, ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. మన 'లాస్ ఆఫ్ పే' దాని ముందు ఎంత చెప్పండి! వాళ్ల వారసులు ఇప్పటికీ ఉగాది చేసుకుంటారు. అక్కడ ఆ రోజు ప్రభుత్వ సెలవు.

ఇక మన సంగతి. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. ఆ నీళ్ల ధైర్యంతో 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. వేల ఎకరాల సొంత చెరకు తోటలు, క్వార్టర్లు... శక్కర్‌నగర్ అని ఊరే వెలిసింది. తర్వాత మా వేములవాడకు ఇటువైపు, మెట్‌పల్లి దగ్గర ముత్యంపేటలో ఒక యూనిట్ వచ్చింది. కోరుట్ల, జగిత్యాల వైపు చెరకు రైతులకు అదే దిక్కు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటుకు ఇచ్చారు. 2015 డిసెంబర్‌లో బోధన్, ముత్యంపేట, మెదక్ యూనిట్లు మూడూ ఒకేసారి మూతపడ్డాయి.

ఫ్యాక్టరీ పోతే పోయింది, రైతు వేరే చోట అమ్ముకోవచ్చు కదా అంటారేమో. చెరకు వడ్ల లాంటిది కాదండీ. కొట్టినంక ఒకటి రెండు రోజుల్లో గానుగ పడకపోతే బరువు తగ్గుతది, తీపీ తగ్గుతది. గోదాంలో పెట్టి రేటు వచ్చినప్పుడు అమ్ముదామంటే కుదరదు. లారీ కిరాయి పెట్టి దూరం పంపితే మిగిలేదేం లేదు. అంటే మిల్లు మూస్తే పంట కూడా మూసినట్టే.

మారిషస్‌లోనూ మిల్లులు వరసగా మూశారు. కానీ చెరకును పక్క మిల్లుకు మళ్లించారు, కార్మికులకు పరిహారం, ఇంటి స్థలం ఇచ్చారు. మనం చేసింది డేటా మైగ్రేట్ చెయ్యకుండా సర్వర్ వైరు పీకెయ్యడం.

శక్కర్‌నగర్‌లోనూ ఒక మ్యూజియం, చుట్టూ తోట ఉంటే బాగుండని నాకూ ఉంది. కాకపోతే జీతం ఆగిన కార్మికుడికి, చెరకు మానేసిన రైతుకి లెక్క తేల్చాకే అక్కడ పూలమొక్కలు నాటాలి. ఆ వరస తప్పితే అది తోట కాదు, సమాధి మీద గడ్డి.