బుక్కరాయసముద్రము: చెఱువుకట్టపై వెలసిన యూరు

 

నేఁడు నేను మీకు బుక్కరాయసముద్రమును గూర్చి చెప్పఁబూనినాఁడను. మన గాండ్లపెంట, కదిరి ప్రాంతములు 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీని శ్రీసత్యసాయి జిల్లా యేర్పడువఱకు అనంతపురము జిల్లాలోనివే గదా! కచ్చేరిపనికో, ఆసుపత్రికో, పిల్లల చదువునకో అనంతపురము పోని యిల్లు మనలో అరుదు. పోయినవారిలో పలువురు ఆ పట్టణపు చెఱువును చూచియుందురు. చెఱువునకు ఆవలిదరిని, తాడిపత్రి త్రోవలో నున్న బుక్కరాయసముద్రమును మాత్రము దారిలోని యొక యూరుగా నెంచి దాఁటిపోయియుందురు. నిజమునకు ఆ పట్టణమును, ఈ యూరును ఒక్క కట్టకు పుట్టిన కవలబిడ్డలు. ఒకటి యెదిగి జిల్లాకు ముఖ్యపట్టణమైనది. రెండవది దానికి శాఖానగరమై నిలిచినది.

మొదట ఆ నేల తీరు చెప్పెదను. అనంతపురము సీమ వానకు మొగము వాచిన సీమ. నైరృతి ఋతుపవనములు పడమటి కనుమలను దాఁటులోపలనే తమ నీటిని చాలవఱకు కురిసివైచును. తూర్పుసముద్రపు వానలు ఇచ్చటికి వచ్చుసరికి సన్నగిల్లును. కావున ఏఁడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడుచున్నది. అదియును కొలఁది దినములలో కుండపోతగా కురిసి, తక్కిన కాలము ఆకాశము ఎండియుండును. ఇట్టిచోట ఏటియొడ్డున ఇల్లు కట్టుకొన్నంతమాత్రమున నీరు దొరకదు. నాలుగు దినములు పాఱిన వెల్లువను నెలల తరబడి నిలుపుకొన నేర్చినవానికే అచ్చట బ్రదుకు. పెన్నా పరీవాహములోని పండమేరు అట్టి యేఱు. వేసవిలో ఇసుక, వానలలో ఉప్పెన.

విజయనగరమును మొదటి బుక్కరాయలు ఏలుచుండఁగా, 1364వ సంవత్సరమున, ఆయన మంత్రియగు చిక్కవొడయరు పండమేరునకు అడ్డముగా కట్ట వేయించెనని చరిత్రకారులు వ్రాసియున్నారు. కట్టకు రెండు కొనలయందును రెండూళ్లు వెలసినవి. ఒకదానికి ఏలినవాని పేర బుక్కరాయసముద్రమనియు, రెండవదానికి అనంతసాగరమనియు పేరులు కలిగినవి. ఈ అనంతసాగరమే నేఁటి అనంతపురము. అనంత యనునది బుక్కరాయల రాణి పేరని కొందఱందురు. బుక్కరాయలకు ఆ పేరుగల రాణి లేదు, అది అనంతరసు చిక్కవొడయరని పిలువఁబడిన ఆ మంత్రి పేరే యని మఱికొందఱందురు. నాకు రెండవ మాట సబబుగా తోఁచుచున్నది. ఏలికపేరు ఒక కొనకును, తన పేరు మఱియొక కొనకును పెట్టుకొనుట మంత్రికి సహజమే గదా!

ఆ కాలమున చెఱువు కట్టుట యెంతటి శాస్త్రమో తెలియుటకు మనకొక శాసనము కలదు. అది అనంతపురములోనిది కాదు, కడప సీమలోని పోరుమామిళ్లది. బుక్కరాయల కుమారుఁడగు భాస్కరుఁడు, అనంతపురపు కట్ట వేసిన యైదేండ్లకే, అనఁగా 1369లో, అచ్చట చెఱువు కట్టించి ఆ శాసనమును వేయించెను. చెఱువునకు పండ్రెండు సాధనములు, ఆఱు దోషములు అందు చెప్పఁబడినవి. గట్టి బంకనేల, తీయనినీటి యేఱు, ఇరువైపుల కొండ, నడుమ నిడివి మితిమీఱని ఱాతికట్ట, చేరువనే ఱాతిగని, పనితెలిసిన కూలివారు మున్నగునవి సాధనములు. కట్ట నీరు కాఱుట, చవుడునేల, రెండు రాజ్యముల పొలిమేర, చెఱువు నడుమ మిట్ట, నీరు తక్కువై పొలము ఎక్కువగుట, నీరు ఎక్కువై చోటు చాలకుండుట దోషములు. ఆ కట్టకు దినమునకు వేయిమంది కూలివారును, నూఱు బండ్లును రెండేండ్లు పనిచేసినట్లు అందే కలదు. ఆ వేయిమందిలో ఒక్కని పేరైన శాసనమున లేదు.

ఇఁక ఊరిజనము మాట. చెఱువుకట్ట లేచినచోటికి మొదట మట్టి త్రవ్వువారు, ఱాయి కొట్టువారు వత్తురు. నీరు నిలిచిన పిమ్మట తూము క్రింద మడి చేయుటకు కాఁపులు వత్తురు. వారి వెనుక కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, చాకలి, నూనె గానుగవారు వత్తురు. మన గాండ్లపెంట పేరులోనే గానుగవారు కనఁబడుచున్నారు, చూచుకొనుఁడు. మడికి నీరు వంతులవారిగా విడుచుటకు నీరుగట్టి యేర్పడును. కట్టమరమ్మతు చేయువానికి దశబంధపు మాన్యము ఏర్పడును. ఇట్లు నీటిని పంచుకొను కట్టుబాటు కుదిరినప్పుడే గుంపు గ్రామమగును.

అట్టి గ్రామమునకు కట్ట తెగినచో గతి యేమి? బుక్కరాయసముద్రమునకు ఆ యాపద వచ్చినది. చెఱువు నిండి కట్టకు గండిపడఁబోఁగా, బసిరెడ్డి కోడలగు ముసలమ్మను బలియిచ్చిన గాని నీరు నిలువదని అమ్మవారు పలికెననియు, ఆ యిల్లాలు తానై గండిలోనికి నడచిపోయెననియు ఊరివారి కథ. కట్టలో ఆ చోటు ముసలమ్మకట్ట యని పిలువఁబడుచున్నది. అనంతపురపు పాలెగాండ్రను గూర్చి తెలుఁగున వ్రాయఁబడియుండిన ప్రాఁత చరిత్రమును బ్రౌనుదొర ఇంగ్లీషు చేసి 1853లో మద్రాసున అచ్చు వేయించెను. అందలి యీ కథనే కట్టమంచి రామలింగారెడ్డిగారు విద్యార్థిదశలో, పందొమ్మిదవ శతాబ్దపు చివర, ‘ముసలమ్మ మరణము’ అను కావ్యముగా రచించిరి.

నేను బడిలో ఈ కావ్యకథ చెప్పునప్పుడు పిల్లలు తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు: “అయ్యవారూ, కట్ట వేయించినది మంత్రి గదా, కోడలు ఏల చావవలెను?” పెద్దలారా, దీనికి శ్లోకము చదివి తప్పించుకొన వీలులేదు. మనిషిని మ్రింగి కట్ట నిలుచునని నేను నమ్మను. గండి పూడ్చునది మట్టియు, ఱాయియు, వేయిచేతులును. అయినను ఈ కథలో ఒక నిజము కలదు. ఊరిపేరు రాజుది, పట్టణపు పేరు రాణిదో మంత్రిదో యని పండితులు వాదించుకొనుచున్నారు, కట్టపేరు మాత్రము కాఁపుకోడలిది. కట్టను నిలిపినది తమవంటివారే యని ఊరు మఱవలేదు. శాసనము వ్రాయని పేరును జనము నోట నిలుపుకొన్నది.

తరువాతి కథ వేగముగా చెప్పెదను. విజయనగరము క్షీణించిన పిదప ఈ సీమను హండెవంశపు పాలెగాండ్రు ఏలిరి. 1757లో గుత్తి మురారిరావు ముట్టడింపఁగా వారు ధనమిచ్చి వదిలించుకొనిరి. పిమ్మట మైసూరు హైదరు, టిప్పులు వచ్చిరి. 1800లో నైజాము ఈ సీమను కుంపిణీవారికి దత్తము చేసెను. మన్రోదొర మొదటి ప్రధానకలెక్టరయ్యెను. 1882లో బళ్లారినుండి వేఱుపఱచి అనంతపురము జిల్లా చేసిరి. ఇన్ని జెండాలు మాఱినను కట్ట మాఱలేదు. దానిక్రింద మడి పండినన్నాళ్లు ఏలినవాఁడెవఁడైనను శిస్తు వచ్చినది.

జిల్లాకచ్చేరితో అనంతపురము పెద్దదైనది. 2011వ సంవత్సరపు జనాభాలెక్కలలో పట్టణజనము రెండులక్షల అఱువదివేలకు పైబడినది. ఆ పొంగు బుక్కరాయసముద్రమునకును ప్రాకినది. అది నేఁడు మండలకేంద్రము. ఆ మండలములోని జంతలూరుకడ కేంద్రీయ విశ్వవిద్యాలయము వెలసినది. ఉదయము పట్టణమునకు పోయి సాయంకాలము మఱలివచ్చు ఉద్యోగులు, కూలివారు, విద్యార్థులు ఎందఱో.

కాని జనము పెరుగుకొలఁది నీటికి చోటు తఱుగుచున్నది. ఏండ్లతరబడి వంక ఎండియుండఁగా, అది నీటిదారి యని మఱచి ఇండ్లు కట్టుకొందురు. 2022 అక్టోబరు మాసమున భారీవర్షములకు పండమేరును, నడిమివంకయు పొంగి అనంతపురపు పలుపేటలను ముంచివైచినవి. కష్టపడి కట్టుకొన్న పేదల కాపురములు నీటిపాలైనవి. ఆఱువందలయేండ్లనాఁడు పోరుమామిళ్ల శాసనము చెప్పిన దోషమే యిది: నీరు ఎక్కువ, చోటు తక్కువ. ఏఱు తన దారిని మఱవదు, మఱచువారము మనము.

ఈ కథ మనకేల యందురా? మన యూళ్లకును చెఱువులు, కుంటలు కలవు. వానకాలమునకు ముందు పెద్దలు నలుగురు కూడి కట్టమీఁద ఒకసారి నడువుఁడు. కట్టలో తుమ్మచెట్లు వేరూనినవా? తూము కాఱుచున్నదా? మరువ మూసికొనిపోయినదా? చెఱువునకు నీరు తెచ్చు వంక ఎవరి చేనిలోనైన కలిసిపోయినదా? కలిసినవాఁడు మన బంధువే యైనను చెప్పుఁడు. గండిపడిన పిమ్మట వెదకవలసినది మనిషిని. గండిపడకముందు వేయవలసినది నాలుగుతట్టల మన్ను. ఈ రెండవదానినే మీరు ఎంచుకొందురని నమ్మి సెలవు గైకొనుచున్నాను.