మా అవ్వ జపం, నా తమిళ నోటుపుస్తకం

మన వలసల గురించి ఇంతకుముందు రాసినప్పుడు ఒక చెల్లెలు అడిగింది: "అన్నా, అంతా తాతల సంగతే రాశారు, అవ్వల సంగతి ఒక్క ముక్క లేదేమి?" నిజమే అనిపించింది. అందుకే ఈసారి మా అవ్వ గురించి. నేను బడిలో చదివింది తమిళం. తెలుగు అక్షరాలు రైల్వేలో చేరాక, రేణిగుంట, గూడూరు నుంచి వచ్చే పార్సెళ్ళ చీటీలు చూసి నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

అవ్వ మా నాయనకు అమ్మ. గుడిలో జ్ఞానస్నానం పుస్తకం ప్రకారం 1905లో పుట్టింది. పద్నాలుగో ఏట పెళ్ళి. ముప్పై దాటకముందే తాత పోయాడు. నలుగురు పిల్లలు, రెండెకరాల వేరుశనగ చేను. అప్పుడు మాది చెంగల్పట్టు జిల్లా, 1997 తర్వాత తిరువళ్ళూరు జిల్లా. అవ్వకు తమిళమూ చదవడం రాదు, తెలుగూ రాదు. ఎక్కడైనా బొటనవేలి ముద్రే. కానీ పొద్దుటి జపం, రాత్రి జపం, యాభైమూడు పూసల జపం, తపస్కాలంలో చెప్పే సిలువ జపాలు అన్నీ తెలుగులో నోటికి వచ్చు. వాళ్ళమ్మ దగ్గర ఆమె నేర్చుకుంది, వాళ్ళమ్మ తన అమ్మ దగ్గర.

ఈ తెలుగు జపాలు మా ఊరికి ఎట్లా వచ్చాయి? 1700 తర్వాత ఫ్రెంచి జెస్యూట్ గురువులు పుంగనూరు మొదలుకొని అనంతపురం పక్క కృష్ణాపురం దాకా తెలుగు ఊళ్ళలో తిరిగారు. సన్యాసుల మాదిరి బట్టలు కట్టి, శాకాహారం తింటూ, తెలుగులోనే బోధించారు. దానికి వంద ఏళ్ళ ముందే, 1606లో, రాబర్ట్ డి నోబిలి మదురైలో ఆ దారి వేసి ఉన్నాడు. మదురై అప్పుడు తెలుగు నాయకుల రాజ్యం. ఆయన తమిళం, తెలుగు, సంస్కృతం మూడూ నేర్చాడు. తర్వాత తెలుగు దేశంలో యుద్ధాలు, కరువులు వచ్చినప్పుడు కొన్ని కతోలిక కుటుంబాలు దక్షిణానికి దిగాయి. కీళచ్చేరి లాంటి ఊళ్ళు అట్లా ఏర్పడినవే. 1773లో పోపుగారు జెస్యూట్ సభనే రద్దు చేశారు. తెలుగు తెలిసిన గురువులు కరువయ్యారు. గురువులు లేని చోట జపాలను నిలబెట్టింది ఇంట్లో ఆడవాళ్ళే. చరిత్ర పుస్తకాల్లో గురువుల పేర్లు ఉంటాయి, వీళ్ళవి ఉండవు.

మా ఊరికి స్వాములవారు నెలకు రెండుసార్లు వచ్చేవారు. 1964లో నాకు ఒక తమ్ముడు పుట్టాడు, ఎనిమిదో నెలలో. ఊపిరి సరిగా లేదు. స్వాములవారికి కబురు పంపితే వచ్చేసరికి రాత్రవుతుంది. ప్రాణాపాయంలో ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వవచ్చు, నీళ్ళు పోసి ఆ మాటలు చెబితే చెల్లుతుందని తిరుసభ నియమం. అవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చి, నుదుటి మీద మూడుసార్లు పోసి, తెలుగులో ఆ మాటలు చెప్పి పేరు పెట్టింది. పొద్దు గుంకేలోపు వాడు పోయాడు. వాడు భూమి మీద విన్న జపం అదొక్కటే. మా అమ్మ చివరిదాకా అనేది, "మీ అవ్వ ఉండబట్టి వాడికి ఒక పేరుంది" అని.

అప్పటిదాకా పూజ లాటిన్‌లో జరిగేది. స్వాములవారు పీఠం వైపు తిరిగి లాటిన్‌లో చెబుతుంటే, కింద ఆడవాళ్ళు జపమాల చేతబట్టి ఎవరి భాషలో వాళ్ళు గొణుక్కునేవారు. 1963 డిసెంబరులో రెండో వాటికన్ మహాసభ జనం భాషలో పూజకు దారి తెరిచింది. లోకమంతటికీ అది సంతోషం. మా ఊళ్ళో జనం భాష అంటే తమిళం అయింది. అది తప్పని నేను అనను. జిల్లా అంతా తమిళం, మా గురువులంతా తమిళులు, బడి తమిళం. నేనే గుడిలో తమిళ వాచకం చదివేవాణ్ణి. అవ్వ మాత్రం, "లాటిన్‌లో ఉన్నప్పుడు నా జపం నేను చెప్పుకుంటా ఉంటినిరా, ఇప్పుడు నోరు మూసుకోవాల్సి వచ్చె" అంది.

మొదట్లో తమిళ పూజ ఆమెకు అంత దూరం కాలేదు. కారణం నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. డి నోబిలి కాలం నుంచి తమిళ కతోలికులు, తెలుగు కతోలికులు వాడిన మాటలు చాలావరకు ఒకటే: సర్వేశ్వరుడు, జ్ఞానస్నానం, పాపసంకీర్తనం, అర్చ్యశిష్ట. అన్నీ సంస్కృతం నుంచి తెచ్చినవి. మహాసభ తర్వాత తమిళంలో వాటిని తీసి మంచి తమిళ మాటలు పెట్టారు. జ్ఞానస్నానం తిరుముళుక్కు అయింది, పూజ తిరుప్పలి అయింది, అర్చ్యశిష్ట పునిత అయింది. తమిళులకు అది న్యాయమే. అవ్వకు మాత్రం గుడిలో చెవికి పట్టుకునే కొమ్మలు ఒక్కొక్కటే విరిగిపోయాయి.

1983 ఫిబ్రవరిలో అవ్వను గుణదల మేరీమాత ఉత్సవానికి తీసుకుపోయాను. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరుగుతుంది. బెజవాడలో దిగేసరికి వేలమంది. కొండ కింద మైకులో తెలుగు పూజ మొదలైంది. డెబ్బై ఎనిమిదేళ్ళకు అవ్వ మొదటిసారి తన భాషలో పూజ వింటోంది. కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చింది. పక్కన కూర్చున్న గుంటూరు ఆమె "ఏ ఊరమ్మా మీది, అరవవాళ్ళా?" అని అడిగింది. అవ్వ కళ్ళు తుడుచుకుని, "లేదమ్మా, తెలుగోళ్ళమే, దూరం పోయినాము" అంది. తిరుగు రైల్లో ఆ మాటే రెండుమూడుసార్లు తనలో తాను అనుకుంది.

ఇంటికి వచ్చాక ఒక మంచిపని చేద్దామని ఒక నలభై పేజీల నోటుపుస్తకం కొన్నాను. అవ్వ చెబుతుంటే జపాలన్నీ రాశాను. నాకప్పుడు తెలుగు చదవడం కొద్దిగా వచ్చు, వేగంగా రాయడం రాదు. అందుకని తమిళ అక్షరాల్లో రాశాను. తమిళంలో క, గ రెండిటికీ ఒకటే అక్షరం. ప, బ కూడా అంతే. అవ్వ ఉన్నంతకాలం అది కష్టం అనిపించలేదు. నేను చదివి వినిపిస్తే దిద్దేది. దేవుని కుడిపక్కన అన్న మాటను నేను "గుడి పక్కన" అని చదివితే, "ఆయన పరలోకంలో ఉంటే గుడి పక్కన ఏం పని రా" అని నవ్వింది.

1987లో అవ్వ పోయింది. చివరి రోజు కొత్త స్వాములవారు వచ్చారు, తమిళాయన. అవ్వ పాపసంకీర్తనం తెలుగులోనే చెప్పింది. ఆయనకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. అరగంట కదలకుండా కూర్చుని విన్నారు. బయటికి వచ్చి, "ఆమెకు ఏ కొరతా లేదు" అన్నారు. ఆయనకు నేను ఈనాటికీ రుణపడి ఉన్నాను.

రిటైరయ్యాక ఆ నోటుపుస్తకం తీసి, మా మనవరాలి కోసం తెలుగు అక్షరాల్లోకి మార్చడం మొదలుపెట్టాను. చాలావరకు కుదిరింది. అవ్వ సొంతంగా చెప్పుకునే రాత్రి జపంలో ఒక చోట ఆగిపోయాను. కడపటి గడియలో మాకు ఏదో ఇవ్వమని దేవమాతను అడుగుతుంది. నా రాతలో ఆ మాట "బలము" కావచ్చు, "పలము" కావచ్చు. అంటే ఫలము. రెండూ పొసుగుతాయి. చావు ముందు బలం అడగవచ్చు, బతుకంతా పడ్డ పాటుకు ఫలం అడగవచ్చు. ఆమె రోజూ చెబుతుంటే పక్కనే పడుకుని విన్నవాణ్ణి. ఇప్పుడు చెవిలో లేదు. నాయన లేడు, మేనత్తలు లేరు. అడగడానికి ఎవరూ మిగల్లేదు.

చదువు రాని మనుషులు రెండు వందల ఏళ్ళు ఒక్క అక్షరం జారకుండా మోసుకొచ్చిన దాన్ని, చదువుకున్నవాణ్ణి నేను కాగితం మీద పెట్టి ఒక మాట పోగొట్టాను. రాశానన్న ధైర్యంతో గుర్తుపెట్టుకోవడం మానేశాను.

అందుకే సంఘంలో అందరినీ ఒకటి కోరుతున్నాను. మీ ఇళ్ళలో ఎనభై దాటిన అవ్వలు, అత్తలు ఎవరైనా ఉంటే, ఏ మతమైనా సరే, వాళ్ళ జపాలు, జోలపాటలు, పెళ్ళిపాటలు సెల్‌ఫోన్‌లో గొంతుతో పట్టండి. రాయడం తర్వాత. రాసేవాళ్ళు తెలుగు అక్షరాల్లో రాయండి, రాకపోతే నేను రాసిపెడతాను, గొంతు పంపండి చాలు. కీళచ్చేరి పక్క కుటుంబాల్లో ఈ రాత్రి జపం ఇంకా ఎవరికైనా నోటికి వస్తే దయచేసి నాకు చెప్పండి. అప్పటిదాకా మా మనవరాలికి రెండు మాటలూ నేర్పుతున్నాను. ఒక రాత్రి బలము అంటుంది, ఒక రాత్రి పలము అంటుంది.