ముళ్ళ కంచె, గోధుమ చేను



మన పల్లెల్లో తగాదాలు చాలావరకు గట్టు దగ్గర పుడతాయి. ఒకరి గట్టు మీది చెట్టు నీడ ఇంకొకరి చేలో పడుతుంది. ఒకరు కలుపు తీయకుండా వదిలేస్తే ఆ గింజలు గాలికీ నీటికీ పక్క చేలోకి చేరుతాయి. చెట్టు ఒకరిది, నష్టం మరొకరిది. పంటల తెగుళ్ళు ఒకచోటి నుంచి ఇంకొకచోటికి పాకకుండా ప్రభుత్వాలు పెట్టే కట్టుబాట్లు ఉన్నాయే, వాటినే మొక్కల క్వారంటైను నిబంధనలంటారు. వాటిలో బహు పాతదొకటి సరిగ్గా ఇటువంటి గట్టు తగాదాలోంచే పుట్టింది. ఆ కథ ఈవేళ మీకు చెప్పదలచాను.

కథ జరిగింది అమెరికాలో. పంట గోధుమ. మన తెలుగునాట గోధుమ వేసేవారు తక్కువే. అయినా వేరుశనగ, జొన్న, మొక్కజొన్న వేసే ప్రతి రైతుకూ తుప్పు తెగులు సంగతి తెలుసు. ఆకు మీద వేలు పెట్టి రాస్తే ఇటుకపొడి లాంటిది అంటుకుంటుంది. ఆ పొడే బూజుజాతి తెగులుకు విత్తనం. దానిని శాస్త్రంలో సిద్ధబీజాలంటారు. గోధుమకు వచ్చే తుప్పు తెగుళ్ళు మూడు రకాలు. అందులో కాండానికి పట్టే నల్ల తుప్పు మహా చెడ్డది. పైరు ఏపుగా ఉన్నది, ఇంక కోతలే అనుకునే రోజుల్లో వచ్చిపడుతుంది. గింజ పాలు పోసుకోకుండా ముడుచుకుపోతుంది. కాండం బలహీనపడి పైరు నేలకు ఒరుగుతుంది.

ఐరోపా నుంచి అమెరికాకు వలస వెళ్ళినవారు తమతో గోధుమ విత్తనాలు తీసుకువెళ్ళారు. వాటితోపాటు బార్బెర్రీ అనే ముళ్ళ మొక్కను కూడా తీసుకువెళ్ళారు. అది ఇంటికి ఎంతో పనికివచ్చే మొక్క. ఎర్రని పుల్లటి పళ్ళు పచ్చడికీ జాముకూ వస్తాయి. బెరడు నుంచి పసుపు రంగు తీస్తారు. కర్ర పనిముట్ల పిడులకు బాగుంటుంది. ముళ్ళుంటాయి గనుక కంచెకు దిట్టం. మన ఆయుర్వేదంలో దారుహరిద్ర అనే మొక్క కూడా ఈ కుటుంబానిదే. ఆ విధంగా ప్రతి ఇంటి పెరట్లోనూ, చేల చుట్టూ బార్బెర్రీ నాటుకున్నారు.

కొన్నాళ్ళకు రైతులు ఒక సంగతి కనిపెట్టారు. బార్బెర్రీ కంచె దగ్గరి గోధుమకు తుప్పు ముందు వస్తున్నది, ఎక్కువగా వస్తున్నది. కంచెకు దూరం వెళ్ళేకొద్దీ తగ్గుతున్నది. ఎందుకో వారికి తెలియదు. కాని చూసింది చూసినట్టు నమ్మారు. 1726లో కనెక్టికట్ అనే ప్రాంతం బార్బెర్రీ మీద చట్టం చేసింది. తరువాత 1755లో మసాచుసెట్స్, 1766లో రోడ్ ఐలండ్ చేశాయి. మసాచుసెట్స్ చట్టం వినదగినది. 1760 జూన్ నెలలోగా ఎవరి భూమిలోని బార్బెర్రీని వారే పెరికివేయాలి. గడువు దాటితే, పొరుగువాడు ఒక నెల ముందు చెప్పి, ఆ భూమిలోకి వెళ్ళి తానే కొట్టివేయవచ్చు. అందుకైన కూలి ఖర్చును భూమి యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు.

చూశారా? రోగానికి కారణమేమిటో లోకంలో ఎవరికీ తెలియని రోజులవి. తుప్పు ఒక జీవి అని కూడా నిర్ధారణ కాలేదు. పండితులు కొందరు ఇది రైతుల మూఢనమ్మకమన్నారు. బార్బెర్రీ ఆకు కింద కనబడే పసుపు పచ్చని గిన్నెల వంటి పొక్కులు వేరు, గోధుమ మీది ఎర్రపొడి వేరు, రెండింటికీ సంబంధమేమిటని అడిగారు. కంటికి రెండూ వేరుగానే కనబడతాయి. శాస్త్రజ్ఞులు వాటికి రెండు వేర్వేరు పేర్లు కూడా పెట్టారు.

ఆ ముడి 1865లో విడింది. జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బరీ గోధుమ తుప్పు నుంచి వచ్చిన సిద్ధబీజాలను బార్బెర్రీ ఆకుల మీద వేసి చూశాడు. ఆకుల మీద పసుపు పొక్కులు లేచాయి. అంటే రెండూ ఒకే జీవి. అది జరిగే తీరు ఇది. కోతల కాలానికి గోధుమ కాండం మీద నల్లని సిద్ధబీజాలు తయారవుతాయి. చలికాలమంతా మంచులో, గడ్డిలో అవి చావకుండా ఉంటాయి. వసంతంలో మొలిచి మరో రకం సిద్ధబీజాలను వదులుతాయి. చిత్రమేమంటే, వీటికి గోధుమను పట్టే శక్తి లేదు. బార్బెర్రీ లేత ఆకునే పట్టగలవు. అక్కడ పెరిగి, ఆకు అడుగు నుంచి మళ్ళీ గోధుమ మీదికి ఎగిరే సిద్ధబీజాలను ఇస్తాయి. ఒకసారి గోధుమ మీదికి చేరాక ఎర్రపొడి రూపంలో చేను నుంచి చేనుకు, వాన తరువాత వానకు, అది తానే పాకుతుంది. కాబట్టి చలిదేశాలలో గోధుమకూ గోధుమకూ మధ్య బార్బెర్రీ ఒక వంతెన. వంతెన తీసివేస్తే అక్కడి తెగులు అక్కడే ఆగుతుంది. డెన్మార్కు దేశం 1903లో చట్టం చేసి బార్బెర్రీని తీయించింది. అక్కడ నల్ల తుప్పు బాగా తగ్గిపోయింది.

అమెరికా మాత్రం ఇంకా మేల్కొనలేదు. వలసలు పడమటికి సాగినకొద్దీ కంచె మొక్క కూడా వెంట వెళ్ళింది. 1916లో దెబ్బ తగిలింది. గోధుమకు పేరుపడ్డ ఉత్తర రాష్ట్రాలలో నల్ల తుప్పు చేలను ఊడ్చివేసింది. మరుసటి ఏడు అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగింది. గోధుమ కావలసిన సమయం, చేతిలో గోధుమ లేదు. 1917లో నార్త్ డకోటా రాష్ట్రం బార్బెర్రీని తీసివేయాలని చట్టం చేసింది. 1918లో 13 రాష్ట్రాలు, కేంద్ర వ్యవసాయశాఖ కలిసి బార్బెర్రీ నిర్మూలన ఉద్యమం మొదలుపెట్టాయి. మిన్నెసోటాలో పనిచేసే ఇ. సి. స్టాక్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు దానికి ముందు నిలిచాడు. 1919 మే 1 నుంచి 38వ నంబరు క్వారంటైను అమలులోకి వచ్చింది. తుప్పుకు లోబడే బార్బెర్రీ మొక్కలను రక్షిత రాష్ట్రాలకు పంపరాదన్నది దాని సారాంశం. ఒకచోట పెరికి, ఇంకొకచోట నర్సరీ బండిలో దింపుకుంటే పెరికిన శ్రమ వృథా గదా!

కాని చట్టం కాగితం మీద ఉంటుంది, బార్బెర్రీ పెరట్లో ఉంటుంది. ఆ పెరడు గోధుమ రైతుది కాదు. పట్టణంలో ఒక గృహస్థు ముచ్చటపడి నాటుకున్న మొక్క. మా ఇంటి అందాన్ని ఎందుకు తీయాలని ఆయన అడిగాడు. అప్పుడు సర్కారువారు బెదిరింపుతో సరిపెట్టలేదు. ఇంటింటికీ మనుషులను పంపి చెప్పించారు. బడిపిల్లలకు మొక్కను గుర్తుపట్టడం నేర్పారు. పిల్లలు పొలాల వెంట, వాగుల వెంట వెతికి చూపించేవారు. మొక్కను నరికితే వేరు నుంచి మళ్ళీ చిగురించేది. అందుకని మొదట్లో మొదలు దగ్గర ఉప్పు కుప్పలుగా పోసి చంపేవారు. ఇంకొక మంచి పని కూడా చేశారు. జపాను బార్బెర్రీకి ఈ తుప్పు పట్టదని తేలింది గనుక దాన్ని వదిలిపెట్టారు. అందం కావలసినవారు అది నాటుకోవచ్చు. అవసరమైనంతవరకే నిషేధం, దానికి తోడు మారుదారి. ఇదీ మంచి నిబంధన లక్షణం.

బార్బెర్రీ పోయాక తుప్పు పూర్తిగా పోయిందా? లేదు. 1935లోనూ, మళ్ళీ 1953, 1954 సంవత్సరాలలోనూ పెద్ద నష్టాలు వచ్చాయి. దక్షిణాన చలి తక్కువగా ఉండే ప్రాంతాలలో ఎర్రపొడి రూపంలోనే తెగులు బతికి, గాలివాటున ఉత్తరానికి వస్తుంది. ఆ గాలికి క్వారంటైను లేదు. అయినా పడిన శ్రమ వృథా కాలేదు. కెనడాలో క్రేగీ అనే శాస్త్రజ్ఞుడు 1927లో మరో సంగతి బయటపెట్టాడు. బార్బెర్రీ ఆకు మీదనే ఈ తెగులుకు ఆడ, మగ కలయిక వంటిది జరుగుతుంది. అక్కడే కొత్త కొత్త తెగలు పుడతాయి. తుప్పును తట్టుకునే గోధుమ వంగడాన్ని ఏళ్ళతరబడి కష్టపడి తయారుచేస్తే, బార్బెర్రీలో పుట్టిన కొత్త తెగ దాన్ని ఒక్క ఏడాదిలో ఓడించగలదు. బార్బెర్రీ తగ్గాక కొత్త తెగల పుట్టుక తగ్గింది, మంచి వంగడాలు ఎక్కువ కాలం నిలిచాయి. నిర్మూలన ఉద్యమం 1970ల చివర ముగిసింది గాని, మొక్కల రవాణా మీది నిబంధన మాత్రం నిలిచే ఉంది. ఏ రకాలు పంపవచ్చో పేరుపేరునా పట్టికలో ఉంటుంది.

ఇంతవరకూ విని, మనమూ హిమాలయాల్లోని బార్బెర్రీని పెరికిద్దామా అని మీరడగవచ్చు. అక్కడే ఒక మెలిక ఉంది. ఆగ్రా కళాశాలలో పనిచేసిన కె. సి. మెహతాగారు ఏళ్ళతరబడి కొండలెక్కి దిగి పరిశోధించారు. మన దేశంలో గోధుమ తుప్పుకు బార్బెర్రీ అసలు కారణం కాదని తేల్చారు. మన మైదానాల వేసవి ఎండకు ఎర్రపొడి చచ్చిపోతుంది. చల్లని కొండలలో, వేసవిలో కూడా ఉండే గోధుమ మీద అది బతుకుతుంది. దక్షిణాన నీలగిరి, పళని కొండలు అటువంటి చోట్లు. చలికాలం పైరు వేళకు గాలితో అక్కడి నుంచి కిందికి దిగుతుంది. అంటే, అమెరికాలో చలి తెగులును ఆపితే ఇక్కడ ఎండ ఆపుతుంది. అక్కడ వంతెన బార్బెర్రీ, ఇక్కడ వంతెన కొండ గోధుమ. పరాయి చట్టాన్ని అచ్చుగుద్దినట్టు తెచ్చుకుంటే కొండల మీది మందుమొక్కలు పోయేవి, తుప్పు మాత్రం ఉండేది. ముందు తెగులు నడిచే దారి తెలుసుకోవాలి, తరువాతే ఆ దారికి అడ్డంగా గేటు పెట్టాలి.

మన దేశంలో దీనికి పునాది 1914 నాటి వినాశకర కీటకాల, తెగుళ్ళ చట్టం. దిగుమతుల మీద దాని కిందనే 2003లో కొత్త ఉత్తర్వు వచ్చింది. అది ఎప్పుడు అక్కరకొస్తుందో ఈమధ్యనే చూశాం. 2016లో బంగ్లాదేశ్‌లో గోధుమకు అగ్గితెగులు వచ్చి 8 జిల్లాల్లో సుమారు 15,000 హెక్టార్లకు పాకింది. మన వరికి వచ్చే అగ్గితెగులు శిలీంధ్రానికి అది దాయాది. గోధుమ మీది ఆ తెగ మొదట 1985లో బ్రెజిల్‌లో కనబడింది. సముద్రాలు దాటి వచ్చింది! సరిహద్దుకు ఇవతల ముర్షిదాబాద్, నదియా జిల్లాల్లో పశ్చిమబెంగాల్ ప్రభుత్వం కొన్నేళ్ళు గోధుమ వేయవద్దని చెప్పింది. సరిహద్దు వెంట 5 కిలోమీటర్ల మేరా అదే మాట. ఆ రైతులు గోధుమ మానుకున్నది తమ చేను కోసమే కాదు. పంజాబు, హర్యానా, ఉత్తరప్రదేశ్ రైతుల చేల కోసం కూడా.

సోదరులారా, కట్టుబాటు బరువు ఎప్పుడూ ఇంతే. మేలు పదిమందికి, మానుకోవలసింది ఒకరు. అందుచేత ఊళ్ళలో తిరిగే వ్యవసాయ విస్తరణాధికారులకు ఒక మనవి. ఆ ఒకరి దగ్గరకు ఉత్తర్వు కాగితంతో వెళ్ళకముందే కారణంతో వెళ్ళండి. ఏమి మానుకోవాలో చెప్పినప్పుడు, దాని బదులు ఏమి వేసుకోవచ్చో కూడా చెప్పండి. రైతు సోదరులకు కూడా ఒక మనవి. దూరపు ఊరి నుంచి విత్తనమో, మొక్కో సంచిలో వేసుకు వచ్చేటప్పుడు ఒక్క నిమిషం ఆగండి. దానితోపాటు ఇంకేమి వస్తున్నదో మన కంటికి కనబడదు. చీటీ ఉన్న విత్తనమే తెచ్చుకోండి. చేలో మునుపెన్నడూ చూడని మచ్చ కనబడితే దాచిపెట్టకుండా అధికారికి చూపండి. మూడు వందల ఏళ్ళ కిందట కంచె పక్కన నిలబడి, పండితులకంటే ముందు నిజాన్ని పట్టుకున్నది రైతు కన్నే. ఆ కన్ను మీకూ ఉంది.